బొమ్మ ముందు, గొంతు వెనక

నేను రిటైరయ్యాక కూడా మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఎక్కడో ఒక లింకు పడిపోయి ఉంటుంది. పాత కేబులు ఏ దారిన పోయిందో నన్నడిగితే తెలుస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. పని మాట అయిపోయాక మర్యాదకు ఒక ప్రశ్న వేస్తారు, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏంది మేడం అని. గాలివానలో టవర్లు నిలబెట్టిన కథ ఏదో చెప్తానని వాళ్ళ ఆశ. గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య వీడియో గేట్‌వేలో ఒక వరస మార్చాను నాయనా అంటే, అవతల అంతేనా అన్నట్టు చిన్న నవ్వు. ఆ పని ఇప్పుడు టీ చల్లారేలోపు చేసేస్తారు వాళ్ళు. అది నిజమే. అందుకే ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది బేస్తవారిపేట దగ్గర ఒక పల్లె. టెలిఫోన్ల ఉద్యోగంలో చిన్న మెట్టు మీద చేరి, చివరికి మార్కాపురంలో డేటా లైన్లు చూసుకునే పనికి వచ్చాను. ఆడమనిషికి తీగల పని ఏందని మొదట్లో అన్నవాళ్ళే తర్వాత లైను పోతే నా ఇంటి తలుపు తట్టారు.

అప్పటికి మా వైపు పల్లెల్లో చేతిలోని ఫోనులో మనిషి బొమ్మ చూసుకునే రోజులు రాలేదు. ఫోనంటే మాటే. గిద్దలూరులో ఒక ఆసుపత్రిలోనూ, మార్కాపురంలో దానికన్నా పెద్ద ఆసుపత్రిలోనూ ఒక్కో గదిలో టీవీ, కెమెరా పెట్టి రెండింటినీ మా లైన్ల మీద కలిపారు. అక్కడ లేని డాక్టరు ఇక్కడి నుంచి రోగిని చూసి మందు చెప్పడానికి ఆ ఏర్పాటు. టీవీ వెనక ఉండే పెట్టె పేరు గేట్‌వే. బొమ్మనూ మాటనూ ముక్కలు చేసి పంపడం, అవతల నుంచి వచ్చిన ముక్కలను అతికించడం దాని పని. ఏ ముక్క ఏ దారిన పోవాలో, దారి ఇరుకైతే ఏది ముందు పోవాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో దానికి ముందే చెప్పి పెట్టాలి. అట్లా చెప్పి పెట్టేదాన్ని నేను.

ఇరుకైనప్పుడు గొంతు ముందు, బొమ్మ వెనక. ఎక్కడైనా ఉండే వరసే అది. డాక్టరు మాట తెగకూడదు, బొమ్మ కాసేపు ఆగితే కొంపేమీ మునగదు. నేనూ అదే పెట్టాను. డాక్టర్ల కోసమైతే ఇప్పుడు పెట్టమన్నా అదే పెడతాను.

ఒకరోజు ఉదయం మార్కాపురం ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. కుర్రవాడు, కోస్తా వైపు మనిషి, మా ఎండలకు ఇంకా అలవాటు పడలేదు. ఎప్పుడూ టీవీలో గీతలొస్తున్నాయని చెప్పడానికే ఫోన్ చేసేవాడు. ఆరోజు గొంతు వేరేగా ఉంది.

"మేడం, ఒక పేషెంటుకి వాళ్ళావిడ బతికే ఉందని చెప్పాలి. ఆ మాట చెప్పగలిగిన మనిషి వాళ్ళావిడ ఒక్కతే."

నాకు అర్థం కాలేదు. వెళ్ళాను.

రాచర్ల వైపు ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే భార్యాభర్తలు. గిద్దలూరులో పని చూసుకుని ఆటోలో తిరిగి పోతుంటే మలుపులో ఆటో పల్టీ కొట్టింది. ఆయన కాలు ఆటో కింద పడి నలిగిపోయింది. ఆమెకు తుంటి విరిగింది. ఆమెను గిద్దలూరులోనే ఉంచి, కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. కదిలిస్తే ప్రాణానికే ముప్పన్నారు. ఆయన్ను మాత్రం మార్కాపురం పంపారు. ఆయన స్పృహలోకి వచ్చేసరికి భార్య పక్కన లేదు.

ఆయనకు పుట్టుకతో వినపడదు, మాట రాదు. బడి మొహం చూడలేదు. పట్నాల్లో ఇలాంటి పిల్లలకు నేర్పే చేతుల భాష ఉంటుంది కదా, అదీ తెలియదు. ఆయనకున్నది ఇంట్లో పుట్టిన భాష. చిన్నప్పుడు తల్లితో కలిసి కొంత చేసుకున్నాడు. పెళ్ళయ్యాక భార్యతో కలిసి గొర్రెల వెంట, కొండ వాలుల్లో, ఇన్నేళ్ళూ దాన్ని పెంచుకుంటూ వచ్చాడు. తల్లి పోయింది. పిల్లలు లేరు. ఆ భాష తెలిసిన మనుషులు ఈ లోకంలో ఇద్దరే.

మంచం పక్కన ఆయన తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద ఇంకా ప్రమాదం నాటి చొక్కానే ఉంది.

"నాకు రా, పో, తిను, గొర్రెలు, వాన, ఇంతవరకు వచ్చమ్మా. అంతకు మించి రాదు," అన్నాడు. "వదిన బాగుంది, పండుకోనుంది అని చూపిచ్చినా. పండుకుంది అంటే చచ్చిపోయిందనుకున్నాడు. కాదు కాదని ఎంత ఊపినా నమ్మడంలేదు."

మంచం మీది మనిషి మా అందరి చేతులూ చూస్తున్నాడు. నా చేతులు కూడా చూశాడు. వాటిల్లో ఏమీ లేదని తెలిసిపోయి చూపు తలుపు మీదకు తిప్పుకున్నాడు. తలుపు కదిలినప్పుడల్లా లేవబోతున్నాడు. చేతికి పెట్టిన సెలైన్ సూది పీకేస్తున్నాడని నర్సు చెప్పింది.

ఇంకో మాట డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. ఆ కాలు నిలవదు. మోకాలి పైకి తీసేయాలి. ఎక్కువ ఆలస్యం చేయడానికి లేదు. తమ్ముడు వేలిముద్ర వేస్తే కాగితాలకు సరిపోతుంది. కానీ ఆ మనిషి మెలకువగా, తెలివిగా ఉన్నాడు. ఏమీ తెలియకుండా మత్తిచ్చి, లేచి చూసుకునేసరికి కాలు లేకపోతే, పైగా భార్య చచ్చిపోయిందనుకుంటూ ఉంటే, ఆ మనిషి ఏమవుతాడని అడిగాడు. టీవీ ఉంది కదా, కలుపుదాం అన్నాను.

ఆ మధ్యాహ్నమే కలిపాం. ఆయన్ను తోపుడు మంచం మీద టీవీ గదికి తెచ్చారు. గిద్దలూరులో మా టెక్నీషియన్ ఉండేవాడు, నాకన్నా పెద్దవాడు, స్తంభాలెక్కే పని నుంచి పైకొచ్చినవాడు. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని. అక్కడ ఆమె మంచాన్ని మెల్లగా టీవీ గదిలోకి జరిపించింది ఆయనే.

బొమ్మ వచ్చింది. తలగడ మీద చెదిరిన జుట్టుతో ఒక ఆడమనిషి మొహం. ఈయన కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె చేతులు లేపింది. లేపిందని మాకు తెలిసింది కానీ తెర మీద కనబడింది పలక మీద తడి గుడ్డతో తుడిచినట్టు ఒక మసక. ఆ మసక కూడా ఆగిపోయింది. మొహం మాత్రం నిలబడింది, కళ్ళు సగం మూసుకుని, కదలకుండా. గొంతు మాత్రం పక్క గదిలో నుంచి మాట్లాడినట్టు చక్కగా వస్తోంది. ఇదో నేనే, ఇట్ల చూడు, నాకేం కాలేదు అంటోంది. ఆ గదిలో ఆ మాట అందరికీ వినపడింది, ఆయనకు తప్ప.

ఆయన తెరవైపు చాలాసేపు చూశాడు. తర్వాత సూది లేని చేతిని తెరకు తాకించి, ఆ చేతిని తన కళ్ళకు అద్దుకున్నాడు. గొంతులో నుంచి ఒక శబ్దం వచ్చింది. నేను అంతకు ముందు అటువంటిది వినలేదు.

తమ్ముడు గోడకానుకుని కూర్చుండిపోయాడు. "పటం అనుకున్నాడమ్మా. మాయమ్మ పటం ఇంట్లో ఇట్లనే ఉంటాది, తలకాయ మటుకు. పోయినోళ్ళకు పటం కట్టిచ్చినారనుకున్నాడు."

టీవీలో నుంచి ఆమె గొంతు ఇంకా వస్తూనే ఉంది, ఒక్క అక్షరం కూడా తెగకుండా. ఆమెకు కూడా ఇటు బొమ్మ ఆగిపోయినట్టుంది. ఏమన్నాడు, కనపడినానా, ఎవరన్నా చెప్పండి అని అడుగుతోంది. నేనే లింకు ఆపేశాను.

గేట్‌వే తన పని తాను సరిగ్గానే చేసింది. దారి ఇరుకైంది, గొంతును ముందు పంపింది, బొమ్మను ఆపింది. మామూలు మనుషులకు ఆగిన బొమ్మ వెనక మాట ఉంటుంది కాబట్టి అవతల మనిషి బతికున్నట్టు తెలుస్తుంది. చేతులతో మాట్లాడుకునే వాళ్ళకు బొమ్మ ఆగిందంటే మాట ఆగినట్టే, మనిషి ఆగినట్టే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు.

దారి ఎందుకు ఇరుకో నాకు తెలుసు. గిద్దలూరుకూ మార్కాపురానికీ మధ్య మా కేబులే ఉన్నా, ఈ బొమ్మ నేరుగా వచ్చేది కాదు. ఒంగోలు పోయి, అక్కడి ఫైర్‌వాల్ దాటి, మళ్ళీ వెనక్కి రావాలి. ఫైర్‌వాల్ అంటే వచ్చేపోయే వాళ్ళను తనిఖీ చేసే కాపలా. జిల్లాలోని ఆఫీసులన్నిటి లెక్కలూ నివేదికలూ ఆ ఒక్క గేటు దగ్గరే క్యూ కడతాయి. పని వేళల్లో అక్కడ నిలబడితే ముందుకు కదలడం కష్టం.

నేరుగా కలపాలంటే టెలిఫోన్ల కోసం వేసిన పాత కేబుల్లో సన్నటి ఖాళీ దారి ఒకటి ఉంది. దాని మీద పంపితే ఒంగోలు కాపలా దాటాల్సిన పని ఉండదు. అందుకే ఆ కాపలా చూసుకునే ఒంగోలు ఆఫీసరు ఒప్పుకోవాలి.

ఆ ఆఫీసరు చాలా పట్టుదల మనిషి. ఫైర్‌వాల్ ఆయనకు సొంతింటి తలుపు లాంటిది. ఫోన్ చేస్తే మొదట వద్దన్నారు. ఇవాళ గిద్దలూరులో పక్క తలుపు తీస్తే రేపు ఇంకో ఊరు అడుగుతుంది, ఎల్లుండి ఆ తలుపులో నుంచి ఎవరు దూరారో ఎవరికీ తెలియదు అన్నారు. ఆయన చెప్పింది సబబే. నేను వాదించలేదు. మధ్యాహ్నం జరిగింది చెప్పాను. పటం అనుకున్నాడు సార్ అన్నాను.

"తలుపు తీస్తే అందులో ఇద్దరే పట్టాలి. మూడో మనిషి పట్టకూడదు. అట్లా తీయగలరా?" అని అడిగారు.

తీయగలనన్నాను. అప్పుడు ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నట్టుంది, పెట్టెలో రాయబోయే ఒక్కో వరుసా ఫోన్లోనే నాతో చెప్పించుకున్నారు. గిద్దలూరు పెట్టె మార్కాపురం పెట్టెతో మాత్రమే మాట్లాడవచ్చు. ఆ రెండింటికీ వేరే ఎవరితోనూ సంబంధం లేదు. ఇంకెవరు తట్టినా జవాబివ్వకూడదు. అన్నీ అయ్యాక, వరస మారుస్తానని చెప్పాను. బొమ్మ ముందు, గొంతు వెనక.

"ఆ సన్నటి దారిలో బొమ్మను ముందు పెడితే గొంతుకు ఏమీ మిగలదు. తెలుసు కదా?"

"తెలుసు సార్. ఆయనకు గొంతుతో పని లేదు."

మర్నాడు పొద్దున్నే గిద్దలూరు అన్న ఎక్స్ఛేంజిలో తీగలు మార్చాడు. ఆమె మంచాన్ని మళ్ళీ కదిలించవద్దని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పడంతో, టీవీనే ఆడవాళ్ళ వార్డుకు మోయించాడు. కిటికీలో నుంచి తీగ లాగాడు. నేను ఇక్కడ కూర్చుని దారి మార్చి, కాపలా పెట్టి, వరస తిప్పాను. సరిగ్గా ఉందో లేదో చూడాలి. అన్నా, కెమెరా ముందు చేతులాడించు అన్నాను ఫోన్లో. ఏం ఆడించాలి మేడం అన్నాడు. ఏదైనా అన్నాను. ఆ భారీ మనిషి, మీసాల మనిషి, కాసేపు ఆలోచించి, ముక్కాలిపీట మీద కూర్చున్నట్టు కూర్చుని, గాలిలో బర్రె పాలు పితికాడు. వేళ్ళు ఒక్కొక్కటీ కనపడ్డాయి. చెంబు నిండిందో లేదో వంగి చూసుకోవడం కూడా కనపడింది. వార్డులో ఆడవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వు బొమ్మలో ఉంది, శబ్దం లేదు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఇక్కడ ఆమె భర్తను మళ్ళీ తెచ్చారు. టీవీ గదిలోకి రానని గింజుకున్నాడు. ఆ పటం మళ్ళీ చూడలేడు మరి. డాక్టరు ఆయన చేయి పట్టుకుని, బలవంతం చేయకుండా, తలుపు దగ్గరే మంచం ఆపించాడు. అక్కడి నుంచే తెర కనపడుతుంది.

ఆమె తెరలో ఉంది. చేతులు గుండెల మీద పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఈయన మొహం పక్కకు తిప్పుకునే ఉన్నాడు. ఆమె చేతులు లేపింది. ఆ కదలిక ఎక్కడో ఓరకంటికి తగిలినట్టుంది. తిరిగాడు.

ఆమె వేళ్ళు ఏదో అన్నాయి. ఈయన నమ్మలేదు. తన చేయి లేపి చెవి పట్టుకున్నాడు. ఆమె వెంటనే చెవి పట్టుకుంది. ముక్కు తాకాడు. ఆమె ముక్కు తాకింది. నాలుక బయటపెట్టాడు. ఆమె కూడా పెట్టింది. అప్పుడు ఆ మనిషి మంచం కడ్డీ పట్టుకుని లేచే ప్రయత్నం చేశాడు. పడిపోతాడని తమ్ముడు భుజాలు పట్టుకున్నాడు. మంచాన్ని తెర దగ్గరకు తోశారు.

తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. డాక్టరుకు తెలియడానికి మామూలు టెలిఫోను కూడా కలిపాం. అక్కడ అన్న రిసీవరు ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు. ఆయన చేతులు చెప్పేది ఆమె మాకు మాటల్లో చెప్పేది. మొదట గొర్రెల సంగతి అడిగాడట. ఎవరు తోలుకపోతున్నారు, కుంటి గొర్రెకు మందు పెట్టినారా అని. తర్వాత ఆమె ఎక్కడ నొప్పో అడిగాడు. కట్టిన బరువు చూపించమన్నాడు. ఆమె కెమెరాను కాలివైపు తిప్పించింది. ఆ బరువు చూసి చాలాసేపు తల ఊపాడు.

డాక్టరు ఫోన్లో ఆమెకు కాలు సంగతి చెప్పాడు. ఆమె వెంటనే చేతులు లేపలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తెరలో అది చూసి, ఏమైందని వేలితో అడుగుతూనే ఉన్నాడు. ఆమె కొంగు తీసింది. అరచేతి అంచును తన తొడ మీద అడ్డంగా గీసి చూపించింది. ఆ మాట నాకు కూడా అర్థమైంది.

ఆయన ఒక చేత్తో నడక చూపించాడు, రెండు వేళ్ళు. ఒక వేలు మడిచాడు. మిగిలిన ఒక్క వేలితో కొండెక్కడం చూపించి, పడిపోవడం చూపించాడు.

ఆమె జవాబు చాలా పొడుగ్గా చెప్పింది. చెప్తూనే ఫోన్లో మాకోసం నోటితో కూడా అంది. ఆ గొంతు నిలకడగా ఉంది. "గొర్రెల్ని నేను తోలుకపోతా. నువ్వు దొడ్డికాడ కూసో. ఇన్నాళ్ళు నేను నిన్ను తిట్టినా. ఇంగ నువ్వు కూసోని నన్ను తిట్టు. అంటున్నా డాక్టరు సారూ."

ఆయన నవ్వాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, తిట్టడం ఇప్పుడే మొదలుపెట్టినట్టు ఏదో వేగంగా అన్నాడు. ఆమె దాన్ని మాకు చెప్పలేదు, సిగ్గుపడింది. తర్వాత ఆయన డాక్టరు వైపు తిరిగి, తనే తొడ మీద అరచేయి అడ్డం గీసి, తల ఊపాడు.

ఆపరేషను అయింది. తర్వాత కొన్ని రోజులు ప్రతి ఉదయం డాక్టర్ల పని మొదలుకాక ముందు కాసేపు ఆ తలుపు తీసేదాన్ని. అది నా డ్యూటీ కాదు, ఆ వేళకు నేను వెళ్ళాల్సిన పనీ లేదు, అయినా వెళ్ళేదాన్ని. అన్న కూడా అక్కడ అంతే. మంచం మీది ఆయన సూది పీక్కోవడం మానేశాడు. అన్నం తిన్నాడు. నేను లోపలికి రాగానే నన్ను చూపించి ఆమెతో ఏదో అనేవాడు. ఆమె అవునని తల ఊపేది. ఏమిటని నేను అడగలేదు. అడుగుదాంలే అనుకున్నాను.

అప్పుడు ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. రక్తంలోకి విషం చేరిందన్నారు. డాక్టరు ఇంటికి పోకుండా అక్కడే ఉన్నాడు. మందు మార్చాడు, పెద్ద ఊళ్ళో వాళ్ళను ఫోన్లో అడిగాడు. ఆమెతో మాట్లాడించేంత శక్తి కూడా ఆయనకు మిగల్లేదు. రెండు చేతులూ దుప్పటి మీద అట్లాగే ఉండిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఆమెకు ఎవరు చెప్పాలి? అన్నను అడిగితే, నా నోటితో చెప్పలేను మేడం అన్నాడు. డాక్టరు తానే చెప్తానన్నాడు. టీవీ కలపమన్నాడు. కలిపాను. ఎప్పుడూ కలపని వేళకు తెర వెలిగేసరికి ఆమెకు తెలిసిపోయింది. డాక్టరు ఫోను అందుకునేలోపే, ఆయన్ను చూపించమని చేత్తో సైగ చేసింది.

మంచాన్ని టీవీ గదికి తోసుకొచ్చి చూపించాం. తమ్ముడు దుప్పటి తీసి, మొహాన్ని కెమెరా వైపు తిప్పాడు.

ఆమె ఏడ్చింది. వరస నేను పెట్టిందే కదా, గొంతుకు సరైన దారి లేదు. ఏడుపు ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఆలస్యంగా, మధ్యమధ్య ఏమీ లేకుండా. చేతులు మాత్రం స్పష్టంగా వచ్చాయి. ఆమె ఆయనతో చేతులతో మాట్లాడుతోంది. ఎప్పటిలాగే ఒక మాట చెప్పి ఆగి, ఆయన చేతుల వైపు చూసి, మళ్ళీ చెప్పేది. డాక్టరు గోడవైపు తిరిగాడు. నేను మాత్రం చూశాను. ఎవరో ఒకరు చూడాలనిపించింది.

చివరికి ఆమె ఫోను అడిగి, నాతో మాట్లాడింది. "ఆ పెట్టెను మా ఊరికి తేలేరా అమ్మా? మన్ను పోసేటప్పుడు చూస్తా."

తేలేమని చెప్పాను. అక్కడికి కేబులు లేదని చెప్పాను. ఆమె బొమ్మలో తల ఊపింది. ఉద్యోగంలో లేదు, కాదు, కుదరదు అని ఎందరికో చెప్పి ఉంటాను. ఆ ఒక్కటీ నాకు ఇంకా గుర్తుంది.

పని అయిపోయింది కాబట్టి పక్క తలుపు మూసేయాలి. ఒంగోలు ఆఫీసరు అడగలేదు. వారం దాకా ఏమీ అనలేదు. నేనే ఒక ఉదయం కూర్చుని, పెట్టిన వరుసలు ఒక్కొక్కటీ తీసేశాను. దారిని మళ్ళీ ఒంగోలుకు తిప్పాను. గొంతును ముందుకు తెచ్చాను. తీసేయడానికి పెట్టినంత సేపు కూడా పట్టలేదు. ఆయనకు ఫోన్ చేసి మూసేశాను సార్ అంటే, సరే అమ్మా అన్నారు. ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదలు.

నేను చెప్పదలుచుకున్నది పిల్లలకు ఒక్కటే. ఏది ముందు, ఏది వెనక అని పెట్టెకు చెప్పేటప్పుడు మనం తీగలకు చెప్తున్నామనుకుంటాం. అవతల ఎవరున్నారో ఒకసారి అడగండి. అడిగినా పెద్దగా చేయగలిగేది ఉండకపోవచ్చు. మేమూ ఏం చేయగలిగాం, కొన్ని ఉదయాలు ఇవ్వగలిగాం.

ఏడాది దాటాక పని మీద గిద్దలూరు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు ముందు నిలబడి ఉన్నాను. బస్సుల హారన్లు, ఆటోల కేకలు, ఒక మాట ఇంకొకరికి వినపడే చోటు కాదది. రోడ్డుకు అటువైపు ఒక ఆమె చేతికర్ర ఆనుకుని నిలబడి నావైపే చూస్తోంది. పిలవలేదు. వేళ్ళు గుండ్రంగా చుట్టి కంటికి పెట్టుకుని, తర్వాత ముక్కు మీద ఏదో పైకి ఎగదోసుకున్నట్టు చేసింది. ఎవరినో అనుకుని నేను వెనక్కి చూశాను. మళ్ళీ అదే చేసింది. అప్పుడు గుర్తుపట్టాను, తెర మీద చూసిన మొహం.

రోడ్డు దాటి ఆమె దగ్గరకు పోయాను. బాగున్నావా అమ్మా అంది. కుంటుతోంది, అయినా గొర్రెల వెంట తనే పోతోందట. మందలో సగం అమ్మేశారట. అదేమిటి నువ్వు చేసింది అని అడిగాను.

"నీ పేరమ్మా. ఆయన పెట్టినాడు. నీ కళ్ళద్దాలు జారిపోతుంటాయి కదా, ఎగదోసుకుంటుంటావు. ఈమె వస్తేనే నువ్వు కనపడతావు అని రోజూ చెప్పేవాడు నాకు."

మరి ఆయన నీకు పెట్టిన పేరేమిటని అడిగాను. ఆమె నవ్వి, ముందు చెప్పలేదు. తర్వాత చూపుడువేలు ముక్కుపుడక మీద పెట్టి, మెల్లగా తిప్పి చూపించింది.

ఆటో వచ్చింది. వెనక సీట్లో కర్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకా మనుషులు ఎక్కుతున్నారు. ఏదో ఒకటి చెప్పాలనిపించి, నేను రోడ్డు మీద నిలబడి చూపుడువేలు నా ముక్కు మీద పెట్టి తిప్పాను.

ఆమె మొహం ఒక్కసారిగా మారిపోయింది. కర్ర జారి కింద పడినా చూసుకోలేదు. రెండు చేతులూ లేచాయి. గబగబా, ఆగకుండా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు. తెలిసినట్టు తల ఊపుతూ నిలబడ్డాను. ఆటో కదిలింది. రాచర్ల దారి తిరిగేదాకా ఆమె చేతులు మాట్లాడుతూనే ఉన్నాయి.